బొల్లికి ఆయుర్వేద చికిత్స – జహీరాబాద్ ప్రాంత పరిశీలన

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు నశించి ఒంటిమీద పాలతెలుపు మచ్చలు ఏర్పడే వ్యాధి బొల్లి. ఆయుర్వేద గ్రంథాలు దీన్ని శ్విత్రం, కిలాసం అన్నాయి. యునానీ వైద్యులు బరస్ అంటారు, ఆధునిక వైద్యులు విటిలైగో అంటారు. ప్రపంచ జనాభాలో అర శాతం నుంచి రెండు శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. ఒకరి నుంచి ఒకరికి అంటదు, నొప్పి పెట్టదు, ప్రాణం తీయదు. అయినా పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు దీనికి పట్టేంత పట్టింపు ప్రాణాంతక వ్యాధులకు కూడా పట్టదు. అందుకే మచ్చ కనబడగానే మనిషి ఒక వైద్యుడితో ఆగడు. సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటకలోని బీదర్‌కు చేరువలో ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో ఇలా వెతుక్కునేవారికి నాలుగు దారులు కనిపిస్తాయి: ఝరాసంగం గుండం, మూలికా వైద్యం, హైదరాబాద్‌లోని యునానీ, ఆయుర్వేద సంస్థలు, చర్మవ్యాధి నిపుణుల కాంతి చికిత్స. వీటిలో ఆయుర్వేదం స్థానం ఏమిటన్నది ఈ వ్యాసం విషయం. నయమయ్యే మచ్చను ముందే గుర్తించడం, మందును ఎండతో జోడించడం, మోతాదును చూసుకుంటూ పెంచడం – బొల్లి చికిత్సలో ఆయుర్వేదం బలం ఈ మూడింటి కలయికలో ఉంది. ఈ పద్ధతిని వదిలేసి సీసాలో మందు ఒక్కటే అమ్మితే గ్రంథం పేరు మిగులుతుంది, గ్రంథం చెప్పిన వైద్యం మిగలదు.

ఝరాసంగం: నీరు, ఎండ, నమ్మకం

జహీరాబాద్‌కు దగ్గరలోని ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరాలయం ఉంది. సూర్యవంశపు రాజు కుపేంద్రుడు చర్మవ్యాధితో బాధపడుతూ వేటకు వచ్చి, మొగలివనంలోని సెలయేటి నీళ్లతో ఒళ్లు కడుక్కోగా వ్యాధి మాయమైందని, ఆ తర్వాత అక్కడ గుడి కట్టించాడని స్థలపురాణం. శివపూజకు పనికిరాదనే మొగలిపువ్వు ఈ గుడిలో పూజకు వాడతారు. శివరాత్రికి, కార్తికమాసంలో తెలంగాణతో పాటు కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ భక్తులు వచ్చి అమృతగుండంలో స్నానం చేస్తారు. తెలుగునేల రెండో కొసన శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలోనూ ఇలాంటి నమ్మకమే ఉంది. అక్కడ పుష్కరిణిలో మునిగి సూర్యనారాయణుణ్ణి కొలుస్తారు, చర్మరోగాలు పోతాయంటారు. చర్మవ్యాధికి సూర్యుడే వైద్యుడన్న ఊహ ఈ దేశంలో చాలా పాతది. అథర్వవేదంలోనే కిలాసాన్ని పోగొట్టమని నల్లని మూలికను వేడుకునే సూక్తాలు ఉన్నాయి.

గుండంలో మునిగాక మచ్చలు తగ్గాయని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. అయితే తగ్గినది ఏమిటో తేల్చుకోవాలి. పల్లెల్లో తెల్లమచ్చలన్నీ ఒకే గాటన కట్టేస్తారు. బూజుతెగుళ్ల వల్ల వీపుమీద, ఛాతీమీద పొలుసులతో వచ్చే శోభి మచ్చలు వేరు. చిన్నపిల్లల బుగ్గలమీద పాలిపోయినట్టు కనిపించే మచ్చలు వేరు. ఇవి బొల్లి కావు, పిల్లల బుగ్గల మచ్చలైతే చాలాసార్లు మందు లేకుండానే పోతాయి. అసలు బొల్లిలో కూడా కొందరికి ఎండ తగిలేచోట కొంత రంగు దానంతటదే తిరిగివస్తుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది కుష్ఠు మచ్చ. అది బొల్లిలా పూర్తి తెలుపు కాదు, కాస్త పాలిపోయి ఉంటుంది, అక్కడ తాకినా గుచ్చినా స్పర్శ తెలియదు. ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి ఉచితంగా మందులు ఇస్తారు. బొల్లి అనుకుని ఏడాదిపాటు పూతలు రాసుకుంటూ కూర్చుంటే ఈలోగా నరాలు దెబ్బతిని చేతివేళ్లు వంకర పోవచ్చు. కాబట్టి ఏ వైద్యంలోనైనా మొదటి మెట్టు రోగనిర్ధారణ.

గ్రంథాలు చెప్పినది

ఈ మెట్టును ప్రాచీనులు దాటవేయలేదు. సుశ్రుతుడు కిలాసాన్ని కుష్ఠాల పక్కన పెట్టి చర్చిస్తూనే, అది చర్మానికే పరిమితమవుతుందనీ, రసి కారదనీ చెప్పి వేరు చేశాడు. చరకసంహిత చికిత్సాస్థానం ఏడో అధ్యాయంలో కిలాసాన్ని దారుణం, అరుణం, శ్విత్రం అని మూడుగా విభజించింది. దోషం రక్తంలో చేరితే మచ్చ ఎర్రగా, మాంసంలో చేరితే రాగిరంగుగా, మేదస్సులో చేరితే తెల్లగా ఉంటుందనీ, లోతు పెరిగేకొద్దీ నయం చేయడం కష్టమనీ దాని వివరణ. ఈ ధాతువుల లెక్కను నేటి శరీరశాస్త్రంతో సరిపోల్చలేం. లెక్కను ఆధారం చేసుకుని వాళ్లు పట్టుకున్న లక్షణాలు మాత్రం ఆశ్చర్యపరిచేంత కచ్చితమైనవి.

మచ్చమీది వెంట్రుకలు రంగు మారకుండా ఉండి, మచ్చ కొత్తదై, పలచగా, ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటే సాధ్యం అన్నారు. వెంట్రుకలు రంగు మారి, మచ్చలు కలిసిపోయి, ఏళ్లు గడిస్తే అసాధ్యం. వాగ్భటుడు మరో అడుగు ముందుకేసి పెదవులు, అరచేతులు, అరికాళ్లు, గుహ్యభాగాలలో వచ్చిన మచ్చ కొత్తదైనా నయం కాదనీ, కాలిన గాయం వల్ల వచ్చిన తెలుపు కూడా అంతేననీ చెప్పాడు. ఆధునిక పరిశీలన దాదాపు ఇదే మాట చెబుతోంది. చర్మంపైన రంగుకణాలు నశించాక తిరిగి రంగు తెచ్చే కణాల నిల్వ వెంట్రుక కుదురులో ఉంటుంది. అందుకే చికిత్స పనిచేసేటప్పుడు తెల్లని మచ్చ మధ్యలో వెంట్రుక మొలిచేచోట చిన్నచిన్న గోధుమరంగు చుక్కలు ముందు కనిపిస్తాయి. ఆ చుక్కలు నెమ్మదిగా విచ్చుకుని ఒకదానితో ఒకటి కలుస్తాయి. వెంట్రుక తెల్లబడితే ఆ నిల్వ అయిపోయినట్టే. పెదవి, అరచేయి, వేళ్ల కొసల్లో వెంట్రుక కుదుళ్లు లేవు లేదా బాగా తక్కువ కాబట్టి అక్కడ రంగు తిరిగిరావడం అరుదు. సూక్ష్మదర్శిని లేని కాలంలో వెంట్రుకను చూసి జోస్యం చెప్పగలిగారంటే అది ఎందరో రోగులను చూసి సంపాదించిన జ్ఞానం.

బ్రహ్మమేడి, బావంచాలు, ఎండ

చరకుడి చికిత్సాక్రమంలో ముందు స్నేహపానం, తర్వాత బ్రహ్మమేడి రసాన్ని బెల్లంతో ఇచ్చి విరేచనం, ఆ పైన రోగి బలాన్నిబట్టి ఎండలో కూర్చోబెట్టడం. దప్పిక వేస్తే మూడు రోజులు గంజి తాగాలి. మచ్చమీద పొక్కులు లేస్తే ముల్లుతో చిదిమి నీరు పోనివ్వాలి. తర్వాత పక్షం రోజులు ఉదయాన్నే కషాయం తాగాలి. ఇందులో ఎండ పథ్యంలో ఒక భాగంగా రాలేదు, మందుతో సమానంగా చికిత్సలోకి వచ్చింది. మేడి జాతిలోని అంజూరపు చెట్టు పాలలో ఎండకు స్పందించే సోరాలెన్ ఉంటుంది. బ్రహ్మమేడి బెరడులోనూ ఈ వర్గపు పదార్థాలను గుర్తించారు. అంటే ఎంచుకున్న మొక్కకు, ఎండకు మధ్య సంబంధం కాకతాళీయం కాదు.

తర్వాతి కాలంలో ఆ స్థానం ఎక్కువగా బావంచాలకు దక్కింది. అవల్గుజం, బాకుచి, సోమరాజి అని గ్రంథాల్లో కనిపించేది ఇదే. ఏడాదికోసారి మొలిచి, బీళ్లలో, పొలంగట్ల మీద, రోడ్డుపక్కన పెరిగే మొక్క. పూలు ఊదారంగులో గుత్తులుగా ఉంటాయి. గింజ నల్లగా, మూత్రపిండం ఆకారంలో, మిరియం కన్నా చిన్నగా ఉంటుంది. నలిపితే వేళ్లకు జిడ్డంటి ఘాటు వాసన వస్తుంది, నమిలితే చేదు. ఈ గింజల నుంచే 1933లో భారతీయ రసాయనశాస్త్రజ్ఞులు సోరాలెన్‌ను వేరుచేసి ఆ పేరు పెట్టారు. ఇంచుమించు ఇదే కథ నైలునది ఒడ్డున మరోలా నడిచింది. అక్కడ ఆత్రిలాల్ అనే మొక్క గింజలను బొల్లికి వాడేవారు. కైరో వైద్యుడు అబ్దెల్ మొనెమ్ ఎల్ మోఫ్తీ 1940లలో వాటినుంచి తీసిన మెథాక్సిసోరాలెన్‌ను రోగులకు ఇచ్చి ఎండలో నిలబెట్టి ఫలితాలు ప్రకటించాడు. ఆ దారిలోనే 1970లలో మందు మింగించి కృత్రిమ అతినీలలోహిత కాంతి పట్టే పూవా చికిత్స స్థిరపడింది.

సోరాలెన్ పనితీరు తెలిస్తే చికిత్సలో ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది. ఆ పదార్థం కణంలోని డీఎన్‌ఏ పోగుల నడుమ దూరి కూర్చుంటుంది. చీకట్లో దానివల్ల పెద్దగా ఏమీ జరగదు. 320 నుంచి 400 నానోమీటర్ల కాంతి తగిలినప్పుడు మాత్రం డీఎన్‌ఏకు అతుక్కుపోయి, చర్మంలో కొత్త రంగుకణాలు పెరిగి వలస వచ్చేలా చేస్తుంది. మోతాదు మించితే అదే చర్య చర్మాన్ని కాలుస్తుంది. ఈ కాలిన ఎరుపు అప్పటికప్పుడు కనబడదు. రెండుమూడు రోజులకు గాని పూర్తిగా తేలదు. నిన్నటి ఎండకు ఏమీ కాలేదని ఈరోజు ఇంకాసేపు కూర్చున్నవాడు మూడోరోజుకు బొబ్బలతో లేస్తాడు. అందుకే ఎండతో చేసే సోరాలెన్ చికిత్సను వైద్యులు రోజు విడిచి రోజు చేయిస్తారు. కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, చర్మం లేత గులాబీరంగు చేరేదాకా మెల్లగా పెంచుతారు. మందు లోపలికి తీసుకున్న రోజంతా కళ్లకు నల్లద్దాలు పెట్టుకోమంటారు. చరకుడు చెప్పిన బలాన్నిబట్టి ఎండ అన్న నియమానికి ఇది విపులమైన రూపం.

పొక్కుల విషయంలో మాత్రం పాత పద్ధతిని యథాతథంగా తీసుకోలేం. పొక్కు రావడమే మందు పనిచేసిన గుర్తని కొందరు వైద్యులు ఇప్పటికీ నమ్ముతారు. అయితే బొల్లి చురుగ్గా ఉన్న ఒంటిమీద గాయమైనచోట, కాలినచోట, ఒరిసినచోట కొత్త మచ్చ పుడుతుంది. లంగా నాడా బిగిసే నడుముమీద, చెప్పు పట్టీ ఒరిసే పాదంమీద వరసగా మచ్చలు రావడానికి కారణం ఇదే. కాలినచోటి తెలుపు అసాధ్యమన్న వాగ్భటుడి మాటను గుర్తుపెట్టుకుంటే, చిత్రమూలం, గురివింద వంటి కాల్చే పూతలను మచ్చమీద వేయడానికి ఆయుర్వేద వైద్యుడే ముందు వెనకాడాలి. బావంచాలతో హరితాళం కలిపి గోమూత్రంలో నూరే లేపం సంగ్రహ గ్రంథాల్లో ఉంది. హరితాళం ఆర్సెనిక్ ఖనిజం కాబట్టి ఈరోజు దాన్ని ఇంటి దగ్గర నూరి పూయడం ప్రమాదం.

లోపలి మందులు, పథ్యం

ఆయుర్వేద వైద్యులు బావంచాలతో పాటు చండ్ర చెక్క, మంజిష్ఠ, వేప, త్రిఫల వాడతారు. ఖదిరారిష్టం, ఆరోగ్యవర్ధిని, గంధక రసాయనం, పంచతిక్త ఘృతం వంటివి సాధారణంగా రాసిస్తారు. బొల్లి అసలు స్వరూపం రోగనిరోధక వ్యవస్థ పొరపాటు. శరీరంలోని టీ కణాలు సొంత రంగుకణాలనే శత్రువులుగా భావించి చంపుతాయి. ఈ దాడిని ఆపకుండా రంగు తెప్పించే ప్రయత్నం చేస్తే ఒకవైపు పూస్తుంటే మరోవైపు రాలుతుంది. లోపలి మందులు ఈ దాడిని తగ్గిస్తాయా అన్నదే ఆయుర్వేదం ముందున్న పరిశోధన ప్రశ్న. ఆధునిక వైద్యం ఈ దిశలో రెండు మెట్లు ఎక్కింది: ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1990లలో ప్రవేశపెట్టిన, వారానికి రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ ఇచ్చే పద్ధతి ఒకటి, 2022లో అమెరికాలో అనుమతి పొందిన రుక్సోలిటినిబ్ లేపనం రెండోది.

పథ్యం విషయంలో విరుద్ధాహారం, అంటే చేపలు, పాలు కలిపి తినడం వంటివి కారణమని గ్రంథం చెబుతుంది. ఈ కారణాన్ని బలపరిచే ఆధారం ఆధునిక పరిశోధనలో దొరకలేదు. పులుపు, పెరుగు, ఉప్పు అన్నీ మానేయమంటే ఎదిగే పిల్లలు బక్కచిక్కడం తప్ప మచ్చకు జరిగేదేమీ లేదు. అయితే కారణాన్ని దూరం చేయడం అన్న ఆయుర్వేద సూత్రం వేరేచోట చక్కగా పనికొస్తుంది. అంటించుకునే బొట్టుబిళ్లల జిగురులోని బ్యుటైల్‌ఫినాల్ వర్గపు రసాయనం నుదుటిమీద తెల్లమచ్చ తెస్తుంది. కొన్ని రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులతోనూ ఇదే ఇబ్బంది. మచ్చ మొదలైన మనిషిని ముందుగా అడగవలసినది ఏం తిన్నావని కాదు, నుదుట ఏం అంటిస్తున్నావు, కాళ్లకు ఏం తొడుగుతున్నావు అని.

యునానీ తోడు

హైదరాబాద్‌లోని కేంద్ర యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు దశాబ్దాలుగా పేరున్నది. ఇప్పుడది చర్మవ్యాధుల జాతీయ యునానీ పరిశోధన సంస్థగా నడుస్తోంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల కూడా ఉంది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. యునానీలోనూ ప్రధాన ఔషధాలు బాబ్చీ, అంటే మన బావంచాలు, నైలు తీరపు ఆత్రిలాల్. వాతపిత్తకఫాల లెక్క, యునానీ సిద్ధాంతం ఒకటి కాకపోయినా రెండు వైద్యాలు ఒకే గింజ దగ్గర, ఒకే ఎండ దగ్గర కలుసుకున్నాయి. దక్కన్‌లో శతాబ్దాలపాటు పక్కపక్కనే నడిచిన రెండు సంప్రదాయాలు ఇలా ఏకీభవించడం ఆ పద్ధతి బలానికి సాక్ష్యం. సిద్ధాంతాలు వేరైనా ఫలితం ఒకటైతే, పనిచేస్తున్నది సిద్ధాంతం కాదు, గింజా ఎండా అని కూడా దీనర్థం.

అభ్యంతరాలు, సమాధానాలు

కాంతి యంత్రాలు వచ్చాక బావంచాలతో పనేముందన్నది మొదటి అభ్యంతరం. ఇందులో న్యాయం ఉంది. 311 నానోమీటర్ల సన్నపట్టీ అతినీలలోహిత కాంతి చికిత్సకు సోరాలెన్ అక్కర్లేదు. పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వవచ్చు. 1997లో నెదర్లాండ్స్ వైద్యులు దాని ఫలితాలు ప్రకటించాక సోరాలెన్‌తో పోలిస్తే వైద్యులు దానివైపే మొగ్గారు. కానీ వారానికి రెండుమూడు సార్లు, కనీసం ఆరునెలలు యంత్రం దగ్గరికి వెళ్లిరావాలి. చెరకు, అల్లం పొలాల్లో కూలిపని చేసే మనిషికి ప్రతి ప్రయాణమూ ఒక దినకూలి నష్టం. ఎండ మాత్రం ఊళ్లోనే ఉంది. ఈ కారణంగా ఎండతో చేసే చికిత్సకు ఇంకా చోటుంది, అయితే వైద్యుడి కనుసన్నల్లో, లెక్కకట్టిన నిమిషాలతో. ఇంకో మాట, తెల్లమచ్చకు ఎండ నుంచి రక్షణ ఉండదు. మండువేసవిలో పొలంలో ఉన్నంతసేపూ మచ్చను బట్టతో కప్పుకోవాలి. చికిత్సకు తీసుకునే ఎండ వేరు, పనిలో పడే ఎండ వేరు.

మూలికలు సహజం కాబట్టి కీడు చేయవన్నది రెండో వాదన. బావంచాల చూర్ణం తిన్నవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. పూర్వులు కూడా ఈ గింజను నేరుగా ఇవ్వలేదు. గోమూత్రంలోనో అల్లపురసంలోనో నానబెట్టి శుద్ధి చేశాకే వాడమన్నారు. అంటే దీనిలో దోషముందని వాళ్లకు తెలుసు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురుపసుపుగా మారినా మందు ఆపి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులకూ చిన్నపిల్లలకూ లోపలికి ఇవ్వకూడదు.

ఆయుర్వేదంలో ప్రయోగాలు జరిగి రుజువయ్యాయి కదా అన్నది మూడోది. జరిగిన ప్రయోగాలు చాలావరకు చిన్నవి, పోల్చిచూసే రెండో వర్గం లేనివి, కొద్ది నెలలకే ముగిసినవి. ఈ లోపం ఆయుర్వేదానికే పరిమితం కాదు. 2015లో కొక్రేన్ సంస్థ బొల్లి చికిత్సలపై 96 ప్రయోగాలను కలిపి సమీక్షించినప్పుడు కూడా, ఏ చికిత్సా శాశ్వతంగా నయం చేస్తుందని చెప్పలేకపోయింది. మంచి ఫలితాలు వచ్చినవి ఎక్కువగా మందును కాంతితో కలిపినవే. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కుమావూ ప్రాంతంలోని తన ప్రయోగశాలలో రూపొందించిన ల్యూకోస్కిన్ వంటి మూలికా మందులకూ కొలబద్ద ఇదే కావాలి.

చట్టం, సమాజం

శాశ్వతంగా నయం చేస్తామనే గోడరాతలు, కరపత్రాలు చట్టవిరుద్ధం. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం తన పట్టికలో బొల్లిని ల్యూకోడెర్మా పేరుతో చేర్చింది. ఔషధ నియమాల జె షెడ్యూలులోనూ ఈ పేరు ఉంది. ఆ జాబితాలోని వ్యాధులను నయం చేస్తుందని ఏ మందు సీసామీదా రాయకూడదు. ఇది ఆయుర్వేదానికి అన్యాయమని కొందరంటారు. అసాధ్యమైన మచ్చను అసాధ్యమని ముందే చెప్పమన్నది చరకుడు, వాగ్భటుడే. గ్యారంటీ రాసిచ్చేవాడు చట్టంతో పాటు గ్రంథాన్నీ ఉల్లంఘిస్తున్నాడు.

గ్రంథంలోని ఒక మాటను మాత్రం వదిలేయాలి. అబద్ధాలాడటం, మేలు మరవడం, పెద్దలను అవమానించడం, పూర్వజన్మ పాపం కిలాసానికి కారణాలని చరకసంహిత చెబుతుంది. ఆ మాట ఇప్పటికీ పెళ్లిచూపుల్లో తీర్పుగా పలుకుతోంది. కుష్ఠును విడాకులకు కారణంగా ఉంచిన నిబంధనలను పార్లమెంటు 2019లో తొలగించింది. అంటని, కబళించని బొల్లిని ఇంకా పాపపు గుర్తుగా చూడటానికి చట్టంలోనూ శాస్త్రంలోనూ ఆధారం లేదు.

మొత్తంమీద ఆయుర్వేదం పేరుతో వైద్యం చేసేవారిని తూచడానికి ఆ గ్రంథాలే తగిన కొలబద్ద ఇస్తున్నాయి. స్పర్శ చూసి కుష్ఠు కాదని తేల్చాడా? మచ్చమీది వెంట్రుక చూసి ఎంత ఆశించవచ్చో చెప్పాడా? ఎండ ఎన్ని నిమిషాలో, ఏ రోజు విడవాలో రాసిచ్చాడా? శుద్ధి చేసిన మందే ఇస్తున్నాడా, కాలేయం సంగతి అడిగాడా? మూడునాలుగు నెలల్లో కుదుళ్ల చుట్టూ చుక్కలు రాకపోతే చర్మవ్యాధి నిపుణుడి దగ్గరికి పంపుతాడా? వీటికి అవునని చెప్పగలిగే వైద్యుడి చేతిలో బావంచాలు ఇప్పటికీ పనికొచ్చే మందు. చెప్పలేనివాడి చేతిలో అదే గింజ చర్మాన్ని కాల్చి, కాలేయాన్ని దెబ్బతీసి, కొత్త మచ్చ తెచ్చిపెడుతుంది.